యుస్నీల్‌ని పూడ్చిన మా అన్న

మా అన్న అర్సేనియో ఊళ్ళో చివరగా చేసిన పని ఒక కొత్త ఆటగాడి ఎడమచేతిని తిట్టడం.

ఆ ఉదయం కాఫీ తాగి, మా ఊరి జట్టు గుర్తైన పీత బొమ్మ ఉన్న టోపీ పెట్టుకుని పార్కులో మూలకు వెళ్ళాడు. చర్చికి ఎదురుగా, గొడుగులు బాగుచేసేవాడి బల్ల పక్కన, మా ఊరి మగవాళ్ళు బేస్‌బాల్ గురించి గొంతులు పోయేలా అరుచుకునే చోటు అది. దానికి వేరే పేరు లేదు. ఎక్కడికంటే "మూలకి" అంటారు, అంతే. నేను రొట్టెల వరసలో నిలబడి ఉన్నాను కాబట్టి అన్నీ వినపడ్డాయి.

"కొత్త ఎడమచేతి పిచర్‌ని చూశావా అర్సేనియో? బంతి కనబడటం లేదట, అంత వేగం!" అన్నాడు ఒబ్దూలియో. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

"వాడిక్కూడా కనబడదు మాస్టారూ, ఎక్కడికి పోతుందో. చెయ్యి మంచిదే. దానికి ఈ చివర ఆ తలకాయ ఉండటమే ఇబ్బంది. ఆ చెయ్యి కోసి ఇంకెవడికైనా అతికిస్తే మన పీతలు ఫైనల్‌కి వెళ్తాయి."

"వాడికి పంతొమ్మిదేళ్ళయ్యా. నేర్చుకుంటాడు."

"మేకక్కూడా పంతొమ్మిదేళ్ళు వస్తే నేర్చుకుంటుందా?"

అందరూ నవ్వారు. బంతి విసిరే ఆ పిచర్ కుర్రాడి మేనమామ అక్కడే ఉన్నాడు. ఆయనా నవ్వాల్సి వచ్చింది. మూలలో నవ్వకపోతే తర్వాతి వంతు మనదే.

ఇంటికొచ్చి అన్నం, నల్ల చిక్కుడు గింజలు తిన్నాడు. "ఉప్పు ఎవరికి దాచిపెడుతున్నావే నెనీతా?" అని నన్నడిగాడు. రేడియో గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. కాఫీ పెట్టి లేపడానికి వెళ్ళేసరికి రేడియోలో మనిషి బ్యాటర్ల సగటులు చదువుతున్నాడు. ఆ రేడియో కిందికీ పైకీ కదలడం లేదు.

అర్సేనియోని మంచివాడని రాయను. పోయినవాళ్ళ గురించి అలాగే రాయాలని నాకు తెలుసు, ఊళ్ళో చాలామంది అలాంటి మాటలే నా చెవిలో వేసి వెళ్ళారు కూడా. కానీ రోజూ ఆయన ఎదురుగా కూర్చుని తిన్నదాన్ని నేను. మా ఇంట్లో ప్రేమ కూడా తిట్ల రూపంలోనే నడిచేది. ఆయన భార్య ఒక సెమీఫైనల్ మధ్యలో సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. సీజన్ అయ్యాకగానీ ఆయన గమనించలేదని మూలలో ఒక హాస్యం ఉండేది. అది అబద్ధం. గమనించాడు. ఆ రాత్రి ఆట వినేటప్పుడు రేడియో శబ్దం పెంచాడు, అంతే.

ఆయన ఉద్యోగం స్టేడియంలో. కుకో అనే ఇంకొకతనితో కలిసి నేల చూసే పని. ఆటకు ముందు, మళ్ళీ తొమ్మిదింటిలో ఐదో ఇన్నింగ్స్ అయ్యాక, ఇద్దరూ బరువైన ఇనుప వల లాగుతూ బేస్‌ల చుట్టూ ఉన్న ఎర్రమట్టిని చదును చేసేవారు. మేకుల బూట్లు చేసిన గుంటలు పూడ్చి, నీళ్ళు చల్లేవారు. ఆ వల లాగుతూ నడిచేటప్పుడు అర్సేనియో ఛాతీ ఎంత ముందుకు వచ్చేదో చెప్పలేను. జనం పాప్‌కార్న్ కోసం లేచిపోయే సమయమది. ఆయన మాత్రం అందరూ తననే చూస్తున్నట్టు నడిచేవాడు.

"నా నేల మీద బంతి అబద్ధమాడదు" అనేవాడు. అందుకే మూలలో ఆయన తీర్పుకి ఎదురు లేదు. బంతి చేజారిందంటే తప్పు చేతిది. ఇంక వాదన లేదు.

జట్టులో ఆయన నాలుకకి చిక్కనివాడు లేడు. క్యాచర్ కూర్చుంటే లేవడానికి ఇద్దరు నర్సులు కావాలి. మొదటి బేస్ దగ్గరవాడు రేవులో ఓడలు కట్టే గుంజ, తాడు వేస్తే పనికొస్తాడు. మధ్య మైదానంలోవాడు బంతి వెనక పరిగెత్తడు, దాని గురించి విచారిస్తాడు. మేనేజరు పీత కాబట్టే ముందుకు నడవలేడు. కొత్తగా చేరే కుర్రాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కణ్ణీ మొదటి వారంలోనే చంపి పక్కన పెట్టేవాడు. ఆ మాటలు మధ్యాహ్నానికి ఊరంతా తిరిగి, సాయంత్రానికి ఆ ఆటగాడి ఇంట్లో భోజనాల బల్ల మీదకి చేరేవి.

ఒక్కడి విషయంలోనే వేరుగా జరిగింది.

మా వీధిలోనే మూడిళ్ళ అవతల మిగ్దాలియా ఉంటుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. భర్త లేడు. ఒక్కడే కొడుకు, యుస్నీల్. ఒకరోజు అర్సేనియో కుర్రాళ్ళ పోటీ చూసి వచ్చి, అన్నాన్ని ఒక్క తిట్టూ తిట్టకుండా తిన్నాడు. జ్వరమొచ్చిందనుకున్నాను.

"మిగ్దాలియా కొడుకు," అన్నాడు చివరికి. "వాడి చేతులు నీళ్ళే నెనీతా. బంతి వాటిలోకి వచ్చి పడుకుంటోంది."

మర్నాటి నుంచి జట్టువాళ్ళెవరూ రాకముందే యుస్నీల్‌ని స్టేడియానికి తీసుకుపోయేవాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య, షార్ట్‌స్టాప్ నిలబడేచోట నిలబెట్టి, తానే బ్యాటు పట్టుకుని నేలబారు బంతులు కొట్టేవాడు. తిడుతూనే కొట్టేవాడు. కానీ మూలకి వచ్చి మాత్రం, "ఈ ఒక్కడి జోలికి ఎవడూ రావద్దు. మన జన్మలో మనం చూడబోయే షార్ట్‌స్టాప్ వీడొక్కడే" అనేవాడు. ఆయన నోట పొగడ్త వినని ఊరు బిత్తరపోయింది. యుస్నీల్ వీధిలో నడుస్తుంటే ముసలివాళ్ళు వాడి చేతులు పట్టుకుని చూసేవారు. ఇరవై నిండేసరికి పీతల జట్టులో ఆ చోటు వాడిదైంది. జాతీయ జట్టు శిక్షకులు సెమీఫైనల్ అయ్యాక వాడి కోసమే వస్తున్నారని రేడియోలో చెప్పారు. మిగ్దాలియా ఆ వారమంతా దుప్పట్లు ఉతుకుతూ పాడుతోందని ఆసుపత్రివాళ్ళు చెప్పుకున్నారు.

ఆ సెమీఫైనల్ కొండప్రాంతపు జట్టు డేగలతో. చివరి ఆట, ఆదివారం మధ్యాహ్నం, మా స్టేడియంలోనే. మా ఊరు అంతవరకు ఫైనల్ ముఖం చూడలేదు.

ఇక్కడ గెలిచిన ఊరు ఓడిన జట్టుని పూడ్చాలి. చెక్క చట్రానికి అట్టలు కొట్టి శవపేటిక చేస్తారు. తాటాకుల దండ వేస్తారు. మగాడొకడు విధవరాలి వేషం కట్టి గుండెలు బాదుకుంటాడు. ఊరంతా డప్పులతో వెంట నడుస్తుంది. ఓడిన జట్టు అభిమాని ఎవడో ఒకడి గుమ్మం ముందు దింపి, ఒకరు వీడ్కోలు మాటలు చెప్పాలి. నిజం చావుల్లో సమాధి దగ్గర ఎవరో ఒకరు ఎలా మాట్లాడతారో అలాగే. ఆ ఇంటివాడు కోపం తెచ్చుకోకూడదు. నవ్వుతూ మోసినవాళ్ళకి రమ్ పొయ్యాలి. ఆ వీడ్కోలు చెప్పడంలో అర్సేనియోని మించినవాడు లేడు. ఆయన చేతుల మీదుగా ఎన్నో జట్లు మట్టిలోకి పోయాయి. ఆ ఆదివారం కూడా ఆట ముగియక ముందే పేటిక సిద్ధం.

తొమ్మిదో ఇన్నింగ్స్ వరకు మేమే ఒక్క పరుగు ముందున్నాం. డేగల వాళ్ళు ఇద్దరు ఔటయ్యారు, ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. ఇంకొక్కడు ఔటైతే చాలు. జనం లేచి నిలబడి అప్పటికే డప్పులు కొడుతున్నారు. బ్యాటర్ కొట్టిన బంతి నేలబారుగా, మెల్లగా, తిన్నగా యుస్నీల్ వైపు వెళ్ళింది. పక్కనున్న ముసలామె నన్ను కావలించుకుంది కూడా.

బంతి వాడి గ్లవ్ మీదుగా లేచి భుజానికి తగిలి వెనక గడ్డిలోకి పోయింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ చుట్టి వచ్చి రెండు పరుగులు చేశారు. మా చివరి వంతులో మావాళ్ళు ముగ్గురూ గాలిని కొట్టి ఔటై వచ్చారు. ఆట అయిపోయింది.

స్టేడియంలో ఎవరూ కదల్లేదు. యుస్నీల్ మోకాళ్ళ మీద కూర్చుని నేలని అరచేత్తో తడుముతున్నాడు. కంచె పక్కన నిలబడ్డ మా అన్న గొంతు ఒక్కటే లేచింది.

"నేలని ఏం వెతుకుతావురా, నీ చేతులు అక్కడ పడిపోయాయా?"

ఎవడో నవ్వాడు. ఆ నవ్వు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి పాకింది. ఏడవలేని జనానికి అదే దొరికింది.

ఆ సాయంత్రం వెలుతురుండగానే మా ఊళ్ళో ఎప్పుడూ జరగనిది జరిగింది. సొంత జట్టువాణ్ణి పూడ్చారు. పేటిక మీద గీసిన డేగ బొమ్మకి సున్నం పూశారు. సున్నం పల్చగా ఉండి రెక్కలు కిందనుంచి కనబడుతూనే ఉన్నాయి. దాని మీద బొగ్గుతో యుస్నీల్ పేరు రాశారు. మొదట కొందరు వద్దన్నారు. ఒబ్దూలియో అడ్డంగా నిలబడ్డాడు.

"అర్సేనియో, ఇది మనవాడు. మనవాణ్ణి మనం పూడ్చుకోవడం ఏమిటి?"

"పరాయివాణ్ణి పూడిస్తే పరాచికం మాస్టారూ. మనవాణ్ణి పూడిస్తేనే కదా శోకం. తప్పుకోండి, శవం కంపు కొడుతుంది."

మిగ్దాలియా గుమ్మం ముందు దింపారు. విధవ వేషం వేసినవాడు వాకిట్లో పడి దొర్లాడు. అర్సేనియో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"బంధువులారా, దిక్కులేని పీతలారా! ఈ రోజు మనం రెండు చేతుల్ని సాగనంపుతున్నాం. మిగతా మనిషి బతికే ఉన్నాడు, పాపం ఆ సంగతి అతనికి భారమే. ఈ చేతులు పుట్టినప్పుడు తల్లి మురిసింది. పెద్దయ్యాక ఏదైనా పట్టుకుంటాయనుకుంది. పట్టుకున్నాయి! రొట్టె పట్టుకున్నాయి. పంది కాలు పట్టుకున్నాయి. అమ్మాయిల నడుములు పట్టుకున్నాయంటారు, నేను చూడలేదు. పట్టుకోనిది ఒక్కటే. ఒక్క బంతి. మెల్లగా, మర్యాదగా, నమస్కారం పెడుతూ వచ్చిన బంతి. దాన్ని నా మనవరాలు కొంగులో పట్టుకునేది, నాకు మనవరాలే ఉంటే. చేతులారా, శాంతిగా పడుకోండి. మట్టి మీ మీద తేలిగ్గా ఉంటుంది. ఆ మట్టి నేను చదును చేసిందే!"

జనం పొర్లి పొర్లి నవ్వారు. నేనూ ఆ గుంపులో ఉన్నాను. ప్రసంగం బాగుంది. అదే అందులోని ఘోరం.

తలుపు తెరుచుకుని యుస్నీల్ వచ్చాడు. ఆట బట్టల్లోనే ఉన్నాడు. చేతిలో రమ్ సీసా, గ్లాసు. ఆచారం ప్రకారం ఒక్కొక్కరికీ పోశాడు. చుక్క కింద పడలేదు. విధవ వేషం వాడికి కూడా పోశాడు. అర్సేనియో దగ్గరికి వచ్చాక ఆగాడు.

"బంతి లేచింది, పెద్దాయనా."

"ఎక్కడ లేచింది?"

"గుంటలో పడి లేచింది. మీరు కొట్టిన బంతులు ఎన్ని పట్టాను, అలా ఒక్కటీ లేవలేదు. ఇది లేచింది."

"నా నేల మీద బంతి లేవదురా అబ్బాయ్. రమ్ పొయ్, గ్లాసు నింపు. అదైనా నిండుగా పట్టుకో."

అప్పుడు మిగ్దాలియా బయటికొచ్చింది. చేతులింకా సబ్బుతో తెల్లగా ఉన్నాయి. అర్సేనియోని చూస్తూ, కేకలేమీ వెయ్యకుండా అంది: "నీకు పిల్లల్లేరు కదా అర్సేనియో. అందుకే పెట్టె నీకు ఇంత తేలిగ్గా ఉంది."

ఆయన రమ్ తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు. ఇంటికొచ్చి ఏమీ తినలేదు. జాతీయ జట్టు శిక్షకులు రానే లేదు.

తర్వాతి సీజన్‌లో యుస్నీల్ వైపు బంతి వెళ్ళినప్పుడల్లా మెట్ల మీద జనం శవయాత్ర బాజా పాట కూనిరాగం తీసేవారు. మొదట డేగల ఊరివాళ్ళు తీశారు, తర్వాత మావాళ్ళు. ఐదో ఇన్నింగ్స్ అయ్యాక అర్సేనియో ఇనుప వల లాగుతూ షార్ట్‌స్టాప్ చోటు దాటేటప్పుడు టోపీ తీసి శిలువ గీసుకునేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ ఒక్క చోటుని ఆయన రెండేసి సార్లు చదును చేసేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆ పనికిమాలినవాడికి సాకు మిగలకూడదు" అనేవాడు.

నీళ్ళలాంటి ఆ చేతులు కొయ్యలయ్యాయి. బంతి పట్టినా మొదటి బేస్‌కి విసరలేకపోయేవాడు. మెట్ల మీదకీ కంచె మీదకీ విసిరేవాడు. ఒకసారి ఐస్‌క్రీమ్ అమ్మేవాడికి తగిలింది. "ఆహా, చివరికి ఒకణ్ణి ఔట్ చేశాడు!" అన్నాడు మా అన్న. సీజన్ సగంలో జట్టు నుంచి తీసేశారు. ఏ జట్టూ మళ్ళీ పిలవలేదు. రెండేళ్ళకి వాడు మూడు చక్రాల సైకిల్ బండి తొక్కడం మొదలుపెట్టాడు. రేవు నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి బస్సులకీ. స్టేడియం వీధిని మాత్రం తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్ళేవాడు, బేరం పోయినా సరే.

ఒకసారి చిలగడదుంపల సంచీతో నేను వాడి బండే ఎక్కాల్సి వచ్చింది.

"మీ అన్న ఎలా ఉన్నాడు పిన్నీ?"

"దగ్గుతున్నాడు."

"కొత్త షార్ట్‌స్టాప్‌ని ఏమంటున్నాడు?"

"గుడ్డివాడి కర్ర ఇస్తే నయమంటున్నాడు."

యుస్నీల్ నవ్వాడు. వీపు మాత్రమే కనబడుతోంది నాకు. "నిజమే పిన్నీ. వాడు ఎడమకాలు ఆలస్యంగా వేస్తున్నాడు. ముసలాయన ఆటగాణ్ణి చూడటంలో తప్పు చేసేవాడు కాదు." కొంతదూరం తొక్కాక, "సంచీ గట్టిగా పట్టుకో, ఇక్కడ రోడ్డు లేస్తుంది" అన్నాడు.

ఆ మాట నేను ఇంట్లో చెప్పాను. అర్సేనియో గింజలు నమలడం ఆపాడు. "ఎడమకాలు అన్నాడా? కళ్ళున్నాయి వెధవకి. చేతులే లేవు." మళ్ళీ నమిలాడు. ఆ సంవత్సరం మనదేనని, ఫైనల్ మనదేనని, ఒక్క బంతి, ఒక్క బంతి అని గొణుగుతూ లేచిపోయాడు. పోయేవరకు ఆ విషయంలో ఆయన మాట మారలేదు. మూలలో కొత్త కుర్రాడెవడైనా బంతి జారవిడిస్తే, "వీడూ యుస్నీలే" అనేవాడు. మా ఊళ్ళో అదొక తిట్టుగా స్థిరపడింది. చిన్నపిల్లలు గ్లాసు పగలగొడితే తల్లులు ఇప్పటికీ ఆ పేరుతోనే తిడతారు. వాళ్ళలో చాలామందికి అది మనిషి పేరని తెలియదు.

అర్సేనియోని మా ముందుగదిలో ఉంచినప్పుడు మూలలోవాళ్ళంతా వచ్చారు. కాఫీలు తాగుతూ మెల్లగా మొదలుపెట్టి, కాసేపటికి శవం పక్కనే ఎడమచేతి పిచర్ గురించి అరుచుకున్నారు. నేను ఆపలేదు. ఆయనకి అదే బాగుండేది. అంతలో మిగ్దాలియా వచ్చింది. అరుచుకుంటున్నవాళ్ళు లేచి దారి ఇచ్చారు. ఆమె నా బుగ్గ మీద ముద్దు పెట్టి, పెట్టె దగ్గరికి వెళ్ళి, వంగి చాలాసేపు ఆయన ముఖం చూసింది.

"కూర్చో మిగ్దాలియా, కాఫీ తెస్తాను" అన్నాను.

"వద్దు నెనీతా. నిజంగానే పోయాడా అని చూసిపోదామని వచ్చాను. ఈ వీధిలో పెట్టె వచ్చిందంటే నమ్మడానికి లేదు కదా."

ఇస్త్రీ చేసిన నల్ల గౌను సర్దుకుని వెళ్ళిపోయింది. యుస్నీల్ రాలేదు. ఆ రోజు వాడి బండి రేవు దగ్గరే ఉందని, మామూలుగానే మనుషుల్ని ఎక్కించుకున్నాడని ఎవరో చెప్పారు.

సమాధి దగ్గర వీడ్కోలు మాటలు ఒబ్దూలియో చెప్పాడు. కాగితం లేకుండా, మర్యాదగా చెప్పాడు. జనం చాలా వచ్చారు. కానీ వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తూనే ఉంది, ప్రతి వాక్యం చివరా నవ్వు కోసం కాచుకుని ఉన్నారు. నవ్వు రాలేదు. ముగించాక వెనకనుంచి ఒకడు పక్కవాడితో అన్నది నాకు వినబడింది: "అర్సేనియో అయితే ఇంతకంటే బాగా పూడ్చేవాడు."

పది రోజులు పోయాక ఆయన బూట్లు తెచ్చుకోవడానికి స్టేడియానికి వెళ్ళాను. మెట్ల కింద పనిముట్ల గది అది. రబ్బరు గొట్టాలు, దంతెలు, సున్నం బస్తాలు, తుప్పు రంగుకి తిరిగిన ఆ ఇనుప వల. కుకో ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి కళ్ళు తుడుచుకుని, ఆయన మాటలు తలుచుకుని తలుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. క్యాచర్‌కి నర్సుల మాట, మేక మాట. నేనూ నవ్వాను. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు.

"ఆ ఆదివారం డేగల పెట్టె తయారు చేసింది కూడా ఇక్కడే నెనీతా, ఇదిగో ఈ బల్ల మీదే," అన్నాడు. "ఆ రెక్కలు గియ్యడానికి మీ అన్న పడ్డ అవస్థ చూడాలి! ఐదో ఇన్నింగ్స్ అయ్యాక నేను వల తీసుకుని బయల్దేరితే, 'ఎక్కడికిరా? గెలిచేశాంగా. నేల ఎక్కడికీ పోదు. వచ్చి ఈ అట్ట పట్టుకో, రంగు కారిపోతోంది' అని కేకలేశాడు. రెక్కలు అయ్యేసరికి జట్లు మళ్ళీ ఆట మొదలుపెట్టేశాయి. ఆ రోజు ఇంక మేము మట్టి చదును చెయ్యనేలేదు." బూట్ల మట్టి తన ప్యాంటుకి తుడిచి, నా చేతికిచ్చాడు.